విత్తూ, చేనూ, బిడ్డా: మన సామెతలలో వంశవాదం

సామెతలు ప్రజల అనుభవసారమని ప్రతి సంవత్సరమూ తరగతిలో చెప్తూ వుంటాను. ఆ మాట పాఠ్యపుస్తకంలో వుంది, పరీక్షలో దానికి మార్కులు కూడా వున్నాయి. అయితే ఎవరి అనుభవం, ఏ పంట మీద వచ్చిన అనుభవం, దాన్ని ఎవరు ఎవరి మీద ప్రయోగించారు అన్న ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో లేవు. నేనూ వేసుకోలేదు. పోయిన సంవత్సరం ఒక మధ్యాహ్నం "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అన్న సామెతను బోర్డు మీద రాసి, దాని తూకాన్నీ పొందికనూ మెచ్చుకుంటూ వుండగా, దివిసీమ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి లేచి "సార్, మరి తండ్రిని చూసి ఏం కొంటారండీ?" అని అడిగింది. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. సాయంకాలం గవర్నర్‌పేటలోని ఇంటికి నడిచి వస్తూ, లెనిన్ సెంటరు దగ్గర పాతపుస్తకాల ముందు అలవాటు ప్రకారం ఆగినప్పుడు గాని, అది నవ్వవలసిన ప్రశ్న కాదని నాకు తట్టలేదు.

ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీపడిన సమాధానం. దీన్ని రాయటానికి మా ఇంటి కారణం కూడా ఒకటి వుంది. అది తర్వాత చెప్తాను.

పుట్టుకనూ పెంపకాన్నీ గురించిన మన సామెతలను ఒకచోట పోగుచేసి చూడండి. 1868లో కెప్టెన్ కార్ అచ్చువేయించిన సంకలనం మొదలు ఇవాళ్టి బడిపుస్తకాల వరకు ఎక్కడ వెతికినా సరే, వాటిలో రెండు గోత్రాలు కనిపిస్తాయి. మొదటి గోత్రం విత్తుది. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటుంది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది అంటుంది. పండితుల ఇళ్ళలో దీనికి "యథా బీజం తథాంకురం" అనే సంస్కృత వేషం కూడా వుంది. రెండవ గోత్రం చేనుది. మొక్కై వంగనిది మానై వంగునా అని అడుగుతుంది. అంటే మొక్కగా వున్నప్పుడు వంచవచ్చునని ఒప్పుకుంటుంది.

ఇక "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అన్న సామెత కథ మరీ విచిత్రం. మాటలను మాటలుగా చదివితే ఇది పెంపకాన్ని గురించిన సామెత. దూడకు చేలో మేసే అలవాటు తల్లి రక్తంలోంచి రాలేదు. అది తల్లి వెంట నడిచింది, తల్లి ఎక్కడ మేస్తే అక్కడ మూతి పెట్టింది. ఆవును రాటకు కట్టేసి వుంటే దూడ కూడా గట్టుమీదే వుండేది. అయినా ఈ సామెతను నేను విన్న ప్రతిసారీ అది రక్తాన్ని గురించే ప్రయోగింపబడింది: ఆ తల్లికి ఇట్లాంటి బిడ్డ కాక ఎట్లాంటి బిడ్డ పుడుతుంది అని. చేను సామెతను పట్టుకువచ్చి విత్తు సామెతగా వాడుకుంటున్నామన్నమాట. వాడుకలో ఇంకొక పద్ధతి కూడా గమనించాను. పక్కింటి పిల్లవాడు చెడిపోతే విత్తు సామెత వస్తుంది. మన పిల్లవాడు చెడిపోతే సావాసదోషం అంటాం.

మనవాళ్ళు దీన్ని తరచుగా జానపదుల అమాయకత్వం కింద జమకడతారు. అది నిజం కాదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో బీజం గొప్పదా క్షేత్రం గొప్పదా అనే చర్చ వివరంగా వుంది. పురుషుడు బీజం, స్త్రీ క్షేత్రం. బీజమే గొప్పదని అక్కడ తీర్పు. అయితే ఆ చర్చ అసలు దేనికోసం వచ్చింది? బిడ్డ ఎవరి సొత్తు అని తేల్చటం కోసం. ఒకరి ఆబోతు మరొకరి ఆవులను కడితే, ఆ దూడలు ఆవుల యజమానివే అవుతాయిగాని ఆబోతు యజమానివి కావు అన్న ఉపమానం కూడా ఆ చర్చలోదే. గుణం విషయంలో విత్తుకు పట్టం కట్టి, ఆస్తి విషయానికి వచ్చేసరికి చేను యజమానికి హక్కు రాసిచ్చారు. రెండు తీర్పుల్లోనూ చేనుకు మాత్రం ఏమీ దక్కలేదు. ఇది సస్యశాస్త్రం కాదు, భూస్వామ్యపు దస్తావేజు. మన సామెతలు ఈ దస్తావేజుకు వాడుకభాషలో వచ్చిన నకళ్ళు. వేమన పేర చలామణిలో వున్న పద్యాలలో కులాన్ని తూర్పారబట్టినవీ వున్నాయి, పుట్టుకతో వచ్చిన గుణం పోదన్నవీ వున్నాయి. మన వేదికల మీద మనం మొదటివే చదువుతాం. రెండవవాటిని గురించి మాట్లాడకపోవటం విమర్శ అనిపించుకోదు.

ఇప్పుడు సామెత ఏ పొలంలో పుట్టిందో ఆ పొలానికే పోదాం.

మా నాన్నది కాలవ కింద వ్యవసాయం. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. సార్వాకు స్వర్ణ గాని సాంబమసూరి గాని వేసేవాడు. విత్తనానికని వుంచుకున్న మడిలో దిగి, తక్కిన చేనుకంటే ఎత్తుగా లేచిన మొక్కలనూ, వేరే రంగు గింజ పట్టిన కంకులనూ ఏరి అవతల పారేసేవాడు. బెరకులు తీయటం అంటారు దీన్ని. చిన్నప్పుడు ఆయన వెనక నేనూ మోకాలిలోతు బురదలో నడిచాను. విత్తనం శుద్ధిగా వుంటే పంట శుద్ధిగా వుంటుందన్న మాట ఆ మడిలో నిజం. ఎందుకు నిజమో సామెత చెప్పదు, శాస్త్రం చెప్తుంది. వరిపువ్వు విచ్చుకునే వేళకే తన పుప్పొడిని తనే అందుకుంటుంది. వరికి పెళ్ళిళ్ళు లేవు. తల్లీ తండ్రీ దాదాపు ఎప్పుడూ ఒకే మొక్క. అందుచేత తరం వెనక తరం అదే గింజ వస్తుంది.

అదే రైతును మెరకకు, నూజివీడు తోటలకు తీసుకుపోండి. రసం పండు తిని టెంకె పెరట్లో పాతితే అదే రసం కాస్తుందని అక్కడ ఎవరూ పూచీపడరు. మామిడిపూత మీద ఈగలూ పురుగులూ వాలి ఏ చెట్టు పుప్పొడి ఏ చెట్టుకు చేరుస్తాయో ఎవరికీ తెలియదు. తియ్యటి పండులోని టెంకెనుంచి పులుపూ రావచ్చు, పీచూ రావచ్చు. అందుకే అంటు కడతారు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అన్న ప్రశ్నకు నూజివీడులో "ఎందుకు మొలవదు, రోజూ మొలుస్తూనే వుందిగా" అని జవాబు. మన సామెతలలో వరి మాట్లాడింది, మామిడి మాట్లాడలేదు. ఈ విషయంలో మనిషి మామిడికి చుట్టంగాని వరికి కాదు.

పోనీ ఆ శుద్ధమైన వరికైనా తాతముత్తాతల లెక్క తీయండి. సాంబమసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లలో తయారై 1986లో విడుదలయింది. ఇవాళ పెళ్ళి విస్తళ్ళలో వడ్డించే సన్నబియ్యంలో దానిదే అగ్రస్థానం. దాని పూర్వీకులలో ఒకటి కోయంబత్తూరు పరిశోధనాక్షేత్రపు జీఈబీ 24. మరొకటి తైవాను నుంచి వచ్చిన పొట్టి వరి తైచుంగ్ నేటివ్ 1. ఈ రెంటికీ పుట్టినదాన్ని మళ్ళీ మసూరితో కలిపారు. ఆ మసూరి ఎక్కడిది? జపానికా తెగ వరికీ మలయాలోని ఇండికా తెగ వరికీ పుట్టింది. మారుటేరు పరిశోధనాస్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ సంగతీ అంతే: వశిష్టకూ ఈ మసూరికే సంతానం. కులమూ గోత్రమూ విచారించి పిలిచిన బంతిలో మనం వేలు పెట్టేది నాలుగు దేశాల సంకరాన్నం మీద.

తర్వాతి కథ ఇంకా బాగుంటుంది. సాంబమసూరికి ఎండాకు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమూ, రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంచాలకాలయమూ కలిసి ఆ తెగులును తట్టుకొనే మూడు జన్యువులను దానిలోకి తెచ్చి, 2008లో మెరుగుపరచిన సాంబమసూరిని విడుదల చేశాయి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో దొరికింది. స్వర్ణ నీట మునిగితే కుళ్ళిపోయేది. ఒరిస్సా రైతులు ఏనాటినుంచో వేసుకుంటున్న ఒక నాటువరిలో మునకను ఓర్చుకునే జన్యువు వున్నట్టు కనిపెట్టి, దాన్ని స్వర్ణకు అందించారు. 2009లో వచ్చిన ఆ స్వర్ణ సబ్ 1 రెండు వారాలు నీళ్ళలో వుండి కూడా మళ్ళీ తలెత్తుతుంది. అడవిదనీ నాటుదనీ పేరుపడ్డవే మేలుజాతి అనిపించుకున్నదాన్ని నిలబెట్టాయి. ఈ సంగతికి ఇప్పటికీ ఒక తెలుగు సామెత పుట్టలేదు.

సంకరమైతే చాలు మేలైనదే అని మాత్రం నేను అనటం లేదు. సస్యశాస్త్రజ్ఞుడు ఒక మొక్కను వుంచుకోవటానికి వేల మొక్కలు పారేస్తాడు. ఇంకొక సంగతి కూడా వుంది: ఈ విత్తనాలేవీ వాటంతట అవి డెల్టాను డెల్టా చేయలేదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలవలు తవ్వినవాళ్ళ చెమట వుంది. అదే స్వర్ణను నీళ్ళందని శివారు భూమిలో వేసిన కౌలుదారు దిగుబడిని చూసి "విత్తు మంచిది కాదు" అంటే ఎవరైనా నవ్వుతారు. మనిషి బిడ్డను గురించి అంటే నవ్వరు.

మన నవలాకారులు ఈ జబ్బును విమర్శకుల కంటే ముందే పట్టుకున్నారు. కృష్ణాజిల్లా అంగలూరు బిడ్డ గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావును కూలదోసింది ఏమిటి? వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చనిపోతూ అప్పగించిన బరువు. లేని గొప్పతనాన్ని విత్తుగా నమ్మి, దాన్ని నీళ్ళకు బదులు ఆస్తితో తడిపి, చివరకు ఆస్తీ మనసూ రెండూ పోగొట్టుకున్నాడు. బుచ్చిబాబు "చివరకు మిగిలేది"లో దయానిధిది దీనికి తిరగవేసిన కథ. తల్లిమీద లోకం వేసిన మచ్చ కొడుకును ఊరూరా వెంటాడుతుంది. ఒకడికి తండ్రి విత్తు బరువు, ఇంకొకడికి తల్లి చేను మచ్చ. వీటిని మనస్తత్వ నవలలని పేరుపెట్టి మనం పక్కన పెట్టాం. వ్యక్తివాదమని కొంత కసురుకున్నాం కూడా. కాని పుట్టుకనుబట్టి మనిషికి విలువకట్టే సమాజం ఒక యువకుడి బుర్రలో కూర్చుని ఎట్లా పనిచేస్తుందో ఇంతకంటే బాగా చూపించిన పుస్తకాలు నాకు తెలియవు. ఇక సినిమాల సంగతి చెప్పనక్కరలేదు. తప్పిపోయిన జమీందారు బిడ్డ రిక్షా తొక్కుతున్నా జమీందారు ఠీవితోనే తొక్కుతాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా అక్కను మా మేనమామకే ఇచ్చారు. అంటే మా అమ్మమ్మే అక్కకు అత్తగారు. మొదటి కాన్పులో మగపిల్లవాడు పుట్టాడు. పళ్ళెం కిందపడినా ఉలికిపడటం లేదని నెలలు గడిచిన తర్వాత అక్కే కనిపెట్టింది. వాడికి పుట్టు చెవుడు. అప్పుడు బంధువులు ఏమన్నారో నాకు బాగా జ్ఞాపకం. "దాని కడుపు మంచిది కాదు" అన్నారు. విత్తు గొప్పదని తరతరాలుగా చెప్పిన నోళ్ళే, బిడ్డలో లోపం కనిపించగానే నేరాన్ని చేనుమీద మోపాయి. మా మామ విత్తును ఎవరూ అనుమానించలేదు. ఆయన కూడా అనుమానించుకోలేదు. మంచి పుడితే విత్తు మహిమ, చెడు పుడితే చేను దోషం. దివిసీమ అమ్మాయి అడిగినదానికి సమాధానం ఇక్కడ దొరికింది నాకు. తండ్రిని చూసి ఏమీ కొనరు. ఆ సామెతలో పిల్లా బర్రే అమ్మకానికి వున్నాయి. తండ్రి కొనుక్కునేవాళ్ళ మధ్య నిలబడి వున్నాడు.

మెండెల్ బఠాణీ మొక్కల మీద చేసిన పరీక్షలను 1866లో ప్రకటించాడు. 1900 దాకా ఎవరూ పట్టించుకోలేదు. బీజక్షేత్ర వివాదానికి ఆ పరీక్షలే తీర్పు: ప్రతి లక్షణానికీ తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి వస్తాయి. స్త్రీ క్షేత్రం మాత్రమే కాదు, బీజం కూడా. కొన్ని లక్షణాలు ఒక పక్కనుంచి మాత్రమే వచ్చినప్పుడు పైకి కనిపించవు. రెండు పక్కలనుంచీ ఒకే రకం వచ్చి కలిసినప్పుడే బయటపడతాయి. దగ్గర చుట్టాల పెళ్ళిలో అట్లా కలిసే అవకాశం ఎక్కువ. మేనమామకూ మేనకోడలికీ పుట్టిన బిడ్డలో ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడినుంచి వచ్చివుండే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లలు చేసుకున్నప్పుడు పదహారింట ఒకటి.

ఇది ఎక్కడో సీమలో ఎవరో వేసిన లెక్క కాదు. 1957లో బ్రిటన్ వదిలి కలకత్తా వచ్చిన జె.బి.ఎస్. హాల్డేన్ మహాశయుడి దగ్గర పిఠాపురంనుంచి పోయిన కృష్ణ ద్రోణంరాజు శిష్యుడుగా చేరాడు. ద్రోణంరాజు, మీరాఖాన్ అనే మరొక పరిశోధకుడు కలిసి ఆంధ్రదేశపు ఆసుపత్రులలో రోగులను వాళ్ళ తల్లిదండ్రుల చుట్టరికం అడిగి లెక్కలు కట్టారు. 1960 మొదలు 1963 వరకు ఆ వ్యాసాలు ప్రకటితమైనాయి. మగవాళ్ళ చెవులమీద వెంట్రుకలు తండ్రినుంచి కొడుకుకు వస్తాయా అని ద్రోణంరాజు ఆంధ్ర కుటుంబాలలో చేసిన పరిశీలన కూడా ఆ రోజులదే. మన తాతల చెవులు ప్రపంచ శాస్త్రపత్రికలకు ఎక్కాయన్నమాట! (తర్వాతి పరిశోధనలు ఆ ప్రతిపాదనను బలపరచలేదు.) హాల్డేన్ బృందంలోనే ఎస్.కె. రాయ్ రెండు రకాల వరిని పక్కపక్కన కలిపి నాటితే ఏమవుతుందో పరిశీలించాడు. ఒకే కప్పు కింద వరీ, మనిషీ, వంశమూ. ఆ హాల్డేన్ లండనులో వుండగా కార్మికుల దినపత్రికలో కార్మికులకు అర్థమయ్యే భాషలో వారం వారం సైన్సు రాసినవాడు. ఆంధ్రుల పెళ్ళిళ్ళ మీద ఆయన శిష్యులు రాసింది మాత్రం ఆంధ్రుల భాషలో రాలేదు. మా అక్క పుట్టటానికి చాలా ముందే అచ్చయిన ఆ సంగతి మా అక్క పెళ్ళినాటికి మా ఊరు చేరలేదు. కొడవటిగంటి కుటుంబరావులాగా సైన్సును తెలుగు వచనంలోకి పట్టుదలగా తెచ్చినవాళ్ళు ఎంతమంది మిగిలారు మనకు?

మేనరికాన్ని ఒట్టి మూఢనమ్మకమని కొట్టిపారేయటం తేలిక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళిళ్ళు దాదాపు నాలుగింట ఒకటి దగ్గర చుట్టాల మధ్యవే. ఇంతమంది వూరికే చేసుకోరు. పొలం గట్టు దాటిపోదు. పిల్ల తెలిసిన ఇంటికి పోతుంది. మా అక్కను కట్నంకోసం ఎవరూ వేధించలేదు. అమ్మమ్మ ఆమెను కూతురికంటే ఎక్కువగానే చూసింది. మేనరికపు పిల్లల్లో చాలామంది నిక్షేపంలాగా వుంటారు కూడా. అక్క రెండవ బిడ్డ, ఆడపిల్ల, బంగారంలాగా వుంది. లెక్క వేరు, శాపం వేరు.

మేనరికాన్ని చూసి ముక్కు విరిచే చదువుకున్నవాళ్ళకు మరొక లెక్క వుంది. హైదరాబాదు కేంద్రపు శాస్త్రజ్ఞులు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్ మొదలైనవారు 2009లో ప్రకటించిన పరిశోధన ప్రకారం మన దేశంలోని దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన జనసమూహాల కలయికే. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళనుంచి 1,900 ఏళ్ళ క్రితం వరకు జోరుగా సాగి, తర్వాత కులాల తలుపులు మూసుకున్నాయని 2013లో తేల్చారు. అంటే మనమంతా సాంబమసూరి వంటివాళ్ళమే: ముందు సంకరం, తర్వాత బెరకులు తీయటం. కులంలోనే పెళ్ళి అన్నది కులమంతా కలిసి చేసుకున్న పెద్ద మేనరికం. మన ప్రాంతపు ఒక వర్తక కులంలో కొందరికి శస్త్రచికిత్సప్పుడు ఇచ్చే ఒకానొక మందు విరగక, తమంతట తాము ఊపిరి తీసుకోలేని స్థితి ఎక్కువసేపు వుండటం మత్తువైద్యులకు తెలిసిన సంగతే. శుద్ధికి చెల్లిస్తున్న కిరాయి అది.

ఇంతవరకు విత్తు మాట. చేను మాట కూడా శాస్త్రం చెప్పింది, చాలా ఓపికగా చెప్పింది. హైదరాబాదు చుట్టుపట్ల 29 గ్రామాలలో 1987 నుంచి 1990 వరకు ఒక పరిశీలన జరిగింది. అంగన్‌వాడీ పథకం అప్పటికి కొన్ని ఊళ్ళకు వచ్చింది, కొన్నిటికి ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకూ, బాలింతలకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ అదనపు ఆహారం వండిపెట్టారు. జాతీయ పోషకాహార సంస్థవారు ఆ పిల్లలను మరిచిపోలేదు. 2003-05 మధ్య, వాళ్ళు పదమూడు పద్దెనిమిదేళ్ళవాళ్ళయిన తర్వాత, రెండు రకాల ఊళ్ళ పిల్లలనూ మళ్ళీ కొలిచారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వాళ్ళ రక్తనాళాలు తక్కువ బిరుసుగా వున్నాయి. చక్కెరజబ్బుకు దారితీసే లక్షణాలు వాళ్ళలో తక్కువ.

పద్నాలుగు మిల్లీమీటర్లు! బొటనవేలి గోరంత. దానికోసం పదిహేనేళ్ళు కాచుకుని వున్న ఆ ఓపికను నేను కవిత్వం కంటే తక్కువగా అంచనా వెయ్యలేను. రోజూ ఒక గిన్నెడు తిండి, విత్తు మారలేదు, కులం మారలేదు, తల్లిదండ్రులు మారలేదు. ఎముక మారింది. మన సాహిత్యంలో అన్నం మీద వచ్చినన్ని పద్యాలు మరి దేనిమీదా వచ్చివుండవు. ఈ గోరంత ఎముక మీద ఒక్కటీ లేదు.

అయితే ఇక్కడ కూడా జాగ్రత్తగా వుండాలి. చేను ముఖ్యమని చెప్పగానే, ఆ చేను ఆడదానిగా మారిపోవటం మన భాషలో క్షణం పని. గర్భిణి ఏమి తినాలి, తల్లి ఏమి చెయ్యాలి అని గోడలనిండా రాతలు. తండ్రి ఏమి తెచ్చి ఇంట్లో పడెయ్యాలి, కూలి ఎంత వుండాలి, కౌలు ఎంత పోగా ఎంత మిగలాలి అని ఏ గోడమీదా లేదు. ఆ 29 ఊళ్ళలో పిల్లలకు చేను అయినది తల్లి కడుపు ఒక్కటే కాదు. ఊరు చేను, ప్రభుత్వం చేను.

మరొకటి కూడా చెప్పకుండా దాటిపోతే ఇది మనవాళ్ళ విమర్శ కాదు. విత్తును తిట్టటంలో మనవైపు ఒక పెద్ద తప్పు జరిగింది. సోవియట్ దేశంలో లైసెంకో, చేనును మారిస్తే విత్తు గుణమే మారిపోతుందనీ, జన్యువులన్నవి బూర్జువా కల్పన అనీ వాదించాడు. 1948లో అదే అధికార సిద్ధాంతమయింది. లోకమంతా తిరిగి విత్తనాలు పోగుచేసిన వవిలోవ్ అంతకుముందే, 1943లో, సరటోవ్ జైలులో చనిపోయాడు. ఆ వాదం అభ్యుదయవాదులకు ఎందుకు తియ్యగా తగిలిందో నాకు అర్థమవుతుంది: పుట్టుకే ప్రధానమన్న మనువుకు అది సూటి జవాబులాగా కనిపించింది. కాని మనువుకు జవాబు చెప్పాలన్న ఆత్రుతలో గింజకు అబద్ధం చెప్పారు. గింజ మొలవలేదు. లెక్కల మనిషి హాల్డేన్ కూడా ఆ రోజుల్లో తడబడ్డాడు, తర్వాత దూరమైనాడు. విత్తును కాదనటం వల్ల చేనుకు న్యాయం జరగదు. మా మేనల్లుడి చెవుడు ఎంత తిండి పెట్టినా పోదు. దాన్ని ఆ బిడ్డ తల్లి నేరంగా చేసింది మాత్రం విత్తు కాదు, మన మాట.

ఇప్పుడు ఈ వ్యాసానికి తక్షణ కారణం. అక్క కూతురికి పెళ్ళీడు వచ్చింది. మా తమ్ముడికిచ్చి చేద్దామని అమ్మమ్మ పట్టుదల. మళ్ళీ మేనమామే. మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడు కాగితం మీద లెక్క వేసి ఇచ్చాడు: పిల్లవాడి చెవుడును గురించి డాక్టరు చెప్పినది సరైనదే అయితే, ఈ అమ్మాయిలో ఆ జన్యువు దాగి వుండే అవకాశం మూడింట రెండు, మా తమ్ముడిలో రెండింట ఒకటి, ఇద్దరిలోనూ వుంటే బిడ్డకు చెవుడు నాలుగింట ఒకటి. వెరసి పన్నెండింట ఒకటి. అక్క ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "అమ్మమ్మకు చదివి వినిపించటానికి తెలుగులో ఒక్క పేజీ రాసివ్వరా" అంది.

కూర్చున్నాను. తెలుగులో ఎం.ఏ. చదివినవాడిని, నాకది గంట పని అనుకున్నాను. పైకి కనిపించకుండా వుండి, రెండు పక్కలనుంచీ కలిసినప్పుడు బయటపడే లక్షణానికి పుస్తకాల్లో "అంతర్గత లక్షణం" అని వుంది. ఆ మాట అమ్మమ్మకు మంత్రంలాగా వుంటుందిగాని అర్థం కాదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకత్వం వహించిన మాండలిక వృత్తిపదకోశం, వ్యవసాయ సంపుటం, తీశాను. అందులో రైతుల మాటలు వేలు వున్నాయి. నాకు కావలసిన మాట ఏ ఆరోపం కింద వుంటుందో తోచలేదు. అరుగుమీద కూర్చున్న నాన్నను అడిగాను.

"దానికేముందిరా? బెరకు" అన్నాడు. "గింజల్లో కలిసిపోయి వుంటుంది, చూస్తే తెలియదు. చేను కంకి వేసినప్పుడే బయటపడుతుంది."

ఎంత చక్కటి మాట అనిపించింది. అమ్మమ్మకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది. రాసేశాను. వంటింట్లోంచి అక్క వచ్చి, నా భుజం మీదుగా వంగి ఆ వాక్యం చదివింది.

"నా కొడుకు బెరకా?" అంది.

ఆ మాట కొట్టేశాను. దాని చోటు ఇప్పటికీ ఖాళీగానే వుంది. పేజీ అమ్మమ్మ దగ్గరకు ఇంకా పోలేదు.